మాస్టారు కొనిపెట్టిన బాండు

ఈ ఉదయం రేపల్లె నుంచి తెనాలి వచ్చే రైల్లో పక్కన కూర్చున్న పెద్దాయన జేబురుమాలు మీద నీలగిరి తైలం చల్లుకున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే చేతిలోని ఫోన్ పక్కన పెట్టేశాను. ఫోన్ నిండా యుద్ధం వార్తలే. చమురు ధర పెరిగింది, బాండ్ల ధరలు పడుతున్నాయి. ఒకప్పుడు ఇలాంటి వార్తలను నేను అదే వాసన నిండిన గదిలో కూర్చుని చదివేదాన్ని. అది రేపల్లెలో ప్రభుదాసు మాస్టారి ఆఫీసు.

ఆయన లెక్కల మాస్టారుగా రిటైరై, తనలాంటి పింఛనుదారులకు బాండ్లు, అంటే ప్రభుత్వం వడ్డీకి అప్పు తీసుకుంటూ ఇచ్చే పత్రాలు, కొనిపెట్టే పని పెట్టుకున్నారు. ఏడాదంతా జలుబే, అందుకే ఆ నీలగిరి తైలం. డిగ్రీ కాగానే నేను ఆయన దగ్గర చేరాను. రోజూ పేపర్లో ముందు విదేశీ వార్తలు చదివించేవారు. ఎక్కడో గల్ఫ్‌లో ఓడలు ఆగిపోతే రేపల్లెకేంటని ఒకసారి అడిగాను. చమురు ప్రియమైతే అన్ని ధరలూ పెరుగుతాయని, వాటిని అదుపు చేయడానికి వడ్డీ రేట్లు పెంచుతారని ఓపిగ్గా చెప్పారు.

“నీ దగ్గర నూటికి ఏడు రూపాయల వడ్డీ ఇచ్చే పాత బాండు ఉందనుకో. ఎనిమిది ఇచ్చే కొత్తది వచ్చాక, నీదాన్ని అదే ధరకి ఎవరు కొంటారమ్మా?”

కాలేజీ పుస్తకాల్లో కొరుకుడు పడనిది ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోయింది.

అసలు పాఠం మాత్రం యుద్ధం వల్ల కాదు, మన ఎన్నికల వల్ల వచ్చింది. ప్రభుత్వం మారింది. పాత ప్రభుత్వం తలపెట్టిన ఒక పెద్ద నిర్మాణం ఆగిపోయింది. దాని కోసం ప్రభుత్వ హామీతో అమ్మిన బాండ్లకు రేటింగ్ తగ్గించారు. అంటే, సొమ్ము తిరిగి వస్తుందన్న నమ్మకం తగ్గిందని. వడ్డీ వస్తూనే ఉంది గానీ కొనేవాళ్లు కరువయ్యారు. ఆ బాండ్లనే మాస్టారు అంతకుముందు బాపట్లలో కరుణమ్మగారికి కొనిపెట్టారు. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, ఒంటరి మనిషి. మరుసటి నెలలో ఆ సొమ్ముతోనే రెండు మోకాళ్లకూ ఆపరేషన్ చేయించుకోవాలి.

ఫోన్లో చెప్పేయొచ్చు కదా అన్నాను. మాస్టారు వినకుండా నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. కరుణమ్మగారు గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి తలుపు తీశారు. విషయం విన్నాక, ఇప్పుడు అమ్మితే ఎంత పోతుందని అడిగారు. నాలుగో వంతు దాకా పోవచ్చన్నారు మాస్టారు. ఆపరేషన్ వాయిదా వేసుకుని ఆగితే ధర మళ్లీ వస్తుందని నేను ధీమాగా చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు.

“సిస్టరుగారూ, ప్రభుత్వం మారితే హామీకి విలువ తగ్గుతుందని నేను అనుకోలేదండి. తప్పు నాది. ధర ఎప్పుడొస్తుందో నాకు తెలీదు, ఈ అమ్మాయికీ తెలీదు. ఆపరేషన్‌కి కావలసినంత వరకు అమ్మేద్దామండి.”

ఆమె కాగితాలు దగ్గరికి తీసుకున్నారు.

“ముప్పయ్యేళ్ల డ్యూటీ సొమ్మండి మాస్టారూ,” అని మాత్రం అన్నారు. తరువాత సంతకం పెట్టారు.

తరువాతి ఎన్నికల్లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఆగిన పని మొదలైంది, ఆ బాండ్ల ధర కోలుకుంది. నా మాటే నిజమైందని, ఆగి ఉంటే ఆవిడకు రూపాయి కూడా పోయేది కాదని మాస్టారితో అన్నాను. గెలిచినంత సంబరంగా ఉంది నాకు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఈ ఐదేళ్లూ ఆవిడ నడిచింది కదమ్మా,” అన్నారు.

మాస్టారు నిరుడు పోయారు. ఇప్పుడు తెనాలిలో నాకూ ఒక చిన్న ఆఫీసు ఉంది. ఏ యుద్ధం, ఏ ఎన్నిక బాండ్లను ఎటు తోస్తుందో ఆయనకంటే నాకే ఎక్కువ తెలుసేమో. ఎవరైనా కంగారుగా వస్తే, ధర చూసేముందు ఆ డబ్బు దేనికి, ఎప్పటికి కావాలని అడుగుతాను. అది అలవాటైపోయింది. అవతలివాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్ల ఎదురుగా కూర్చుని, తప్పు నాదని చెప్పడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. ఇప్పటికి రెండుసార్లు చెప్పాను.