మోచేయి కోసం ఒక చావు

నా చిన్నప్పుడు మా ఇంట్లో టెన్నిస్ ఎల్బో వచ్చింది మా జేజినాయనకి, అంటే మా తాతకి. ఆయన టెన్నిస్ బ్యాటు పట్టుకోవడం సంగతి అటుంచి, దాన్ని కంటితో చూసి కూడా ఎరగడు. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో చీరలు నేసేవాడు. మగ్గంలో నూలు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తాలంటే కుడిచేత్తో తాడు లాగుతూనే ఉండాలి. లాగీ లాగీ మోచేయి ఎదురు తిరిగింది. టీ గ్లాసు కూడా చేతిలో నిలవని స్థితి వచ్చాక ప్రొద్దుటూరు డాక్టరు దగ్గరికి పోతే, ఈ చేతికి విశ్రాంతి ఇవ్వకపోతే ఇక నేయలేవు పెద్దాయనా అన్నాడు. విశ్రాంతి అనే మాటకి మా జేజినాయన, బూతు విన్నట్టు ముఖం పెట్టాడు.

ఆయన బాధ నొప్పి కాదు, తప్పు చేస్తున్నానన్న భావన. మగ్గం ఊరికే ఉంటే, ఇంట్లో ఎవరో అన్నం తినకుండా అలిగి కూర్చున్నట్టు ఉండేది ఆయనకి. అందుకే మా జేజి, అంటే నాయనమ్మ, నీళ్లకి పోగానే దొంగలా మగ్గం గుంటలోకి దిగేవాడు. మగ్గంతో దొంగతనం కుదరదు, దాని చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది. జేజి తిట్టింది, అలిగింది, నాడె దాచింది. ఆయన దగ్గర ఇంకో నాడె ఉంది.

ఒక పొద్దున జేజి బస్టాండు వైపు పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. ఆలూరు పక్కన ఉండే మా దాయాది చిన్నతాత, జేజినాయనకి వరసకి తమ్ముడు, పోయాడట. నిన్ననే మట్టి చేశారట. ఆ వైపు వాళ్లెవరో బస్సు దిగి చెప్పారట. మా ఇంట్లో ఫోను లేదు, వాళ్ల ఇంట్లోనూ లేదు. మట్టి ఎటూ అయిపోయింది కాబట్టి పెద్దదినం కర్మకి పోదామన్నాడు జేజినాయన. ఇక పది రోజులు మైల. మైలలో మా ఇళ్లల్లో మగ్గం తాకరు, నూలు కూడా ముట్టరు.

జేజినాయన ఆ రోజు నుంచి మగ్గానికి వీపు పెట్టి కూర్చున్నాడు. చేతికి పని లేకపోయేసరికి మనసుకి దొరికింది. ఆ తమ్ముడు ఎదురుపడినప్పుడల్లా మా ఊరికి వచ్చి నాలుగు దినాలు ఉండిపో అన్నా అని పిలిచేవాడట. "మగ్గం ఉండాది గదరా అంటి. పిల్చినప్పుడల్లా అదే మాట అంటి" అని గోడకి చెప్పుకునేవాడు. అన్నం సగం వదిలేసేవాడు. ఆయన వదిలేసిన అన్నం చూసి జేజి కూడా తినేది కాదు. దీపం పెట్టకూడని దేవుడి గూటి ముందు నిలబడి లెంపలు వేసుకునేది. చనిపోయింది మామగారి వైపు చుట్టం, ఈమెకెందుకింత భక్తి అని నాకు ఆశ్చర్యం.

మోచేయికి మాత్రం ఈ దుఃఖంతో సంబంధం లేదు. అది హాయిగా నయమవుతూ వచ్చింది.

మైల ఇంకా తీరకముందే, ఒక మధ్యాహ్నం, చనిపోయినాయన ఎర్రగడ్డల సంచి, అదే ఉల్లిపాయల సంచి, భుజాన వేసుకుని గడప దాటి లోపలికి వచ్చాడు.

"ఏమన్నా, మగ్గం సప్పుడు లేదే? ఎవరన్నా పోయినారా?"

జేజినాయన లేచి రెండు చేతులతో తమ్ముడి భుజాలు పట్టుకుని, గట్టిగా నొక్కి చూశాడు. నొప్పి పుట్టింది తమ్ముడికే.

జేజి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. "నేనే సంపినా మరిదీ. ఈయప్ప చెయ్యి నిలవాల అని. యాడనో దూరంగా ఉండావు గదా అని నిన్ను అనుకుంటి. పెద్దదినానికి పోదామంటే ఏం చెప్పాల్నో అని నిద్రే పట్టల్యా" అని ఏడ్చింది.

"దగ్గరోళ్లు ఎవరూ దొరకలేదా వదినా?" అన్నాడాయన, సంచి దించుతూ.

ఇప్పుడు జేజినాయన అరుస్తాడు, లేదా నేరుగా మగ్గం దగ్గరికి పోతాడు అనుకున్నాను. ఆయన మగ్గం వైపు చూశాడు. జేజి వైపు చూశాడు. చాప మీద పక్కకి జరిగాడు.

"ఇంగా మైల తీరలేదు. సచ్చినోడు ఎర్రగడ్డలు తెచ్చినంత మాత్రాన తీరిపోతాదా? కూసోరా."

మిగిలిన రోజులు ఎవరి మైల పట్టారో వాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని పూర్తి చేశారు. ఆ తర్వాత చేయి బాగానే పని చేసింది. అయినా ఏటా కొన్నాళ్లు మగ్గం ఆపి ఆలూరు పోయేవాడు. అడిగితే తమ్ముడి మైల అనేవాడు.

ఇప్పుడు కర్నూలులో రోజూ పొద్దున్నే షటిల్ ఆడీ ఆడీ నాకూ అదే మోచేయి వచ్చింది. ఆస్తి పంచలేదు కానీ దీన్ని పంచినట్టున్నారు. కూర్చుంటే నేరం చేసినట్టే ఉంది. బీరువా మీది బ్యాటు వైపు, మా జేజినాయన మగ్గాన్ని చూసినట్టు చూస్తున్నాను. లేవబోయినప్పుడల్లా ఆ ఎర్రగడ్డల సంచి గుర్తొస్తుంది. అప్పుడు ఎడమ చేత్తో ఫోను తీసి, తర్వాత వస్తానప్పా అని నేను ఎన్నేళ్లుగానో దాటేస్తున్న వాళ్లకి చేస్తాను. వాళ్లు ఎత్తగానే నేను మొదట అడిగేది ఒకటే, బతికుండావా అని.

నేను ఎగతాళి చేస్తున్నానని అనుకుంటారు. వాళ్లు పలికిందాకా నాకు ఊపిరి ఆడదు.