గీతకు కుడిపక్కన పోయిన మార్కులు

ఆరు జవాబులు, ఒక్కోదానికి నాలుగు చొప్పున ఇరవై నాలుగు మార్కులు, ఉచిత బ్యాచ్‌లో ఒక సీటు. 2023 వేసవిలో, మెట్టుగూడలోని ఒక ట్యూషన్ సెంటర్‌లో గ్రేస్ అనే అమ్మాయి పోగొట్టుకున్నవి ఇవి. పోగొట్టింది నా చేయి.

నేనక్కడ లెక్కల సారును. డిగ్రీ లేదు, పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. అందుకేనేమో, జవాబు కంటే దాన్ని రాబట్టిన తీరు చూడటం నాకు అలవాటు. పిల్లలు పరీక్ష రాసి, సెంటర్ యాప్‌లోనే కాగితాల ఫొటోలు తీసి పంపేవారు. అవి ఫోన్‌లో మిగలవు. నేను వాటిని కంప్యూటర్‌లో దిద్ది, స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసుకు పంపాలి. స్నిప్పింగ్ టూల్ నొక్కగానే తెర మసకబారుతుంది. మౌస్‌తో గీసిన పెట్టెలో ఏముంటే అదే బొమ్మగా మిగులుతుంది.

"మార్జిన్లు గిట్ల కనబడొద్దు సార్, నీట్‌గా కట్ చేయండి" అన్నది కోఆర్డినేటర్ మేడమ్. చేశాను.

మన బడుల్లో చిన్నప్పటినుంచీ ఏం నేర్పుతాం? కాగితానికి కుడివైపు గీత కొట్టి, చిత్తుపని అక్కడ చేయమంటాం. ఆరు లెక్కలకు గ్రేస్ చేసిన గుణకారాలు, భాగహారాలు అన్నీ ఆ గీత అవతలే ఉన్నాయి. నా పెట్టె గీత దగ్గరే ఆగిపోయింది. నేను 78 వేశాను. హెడ్డాఫీసులో ఆ స్క్రీన్‌షాట్లే మళ్లీ చూసినవారు "స్టెప్పులు లేవు, కాపీ కొట్టింది" అని ఆ ఆరింటికీ సున్నాలు పెట్టారు. మిగిలింది 54. సీటుకు 70 కావాలి.

బోయిగూడలో బట్టలు కుట్టే గ్రేస్ తల్లి సులోచనమ్మ, అసలు కాగితాలు పట్టుకుని వచ్చింది.

"జెర చూడండి మేడమ్. నా బిడ్డ చేసిన లెక్కలు ఈడనే ఉన్నయ్."

"ఇవి తర్వాత రాసినవేమో, మాకెట్ల తెలుస్తదమ్మా? రికార్డుల స్క్రీన్‌షాటే ఉన్నది."

"పిల్ల పంపిన ఫొటోలు ఏమయ్యాయి?" అని నేను అడిగాను.

"యాప్ ఫొటోలుండే డ్రైవ్ ప్రతి శనివారం క్లీన్ చేస్తం గద సార్."

సులోచనమ్మ లేచి నిలబడింది. "ఏందీ న్యాయం? కాగితం అబద్ధమంట, కాగితం బొమ్మ నిజమంట! మీ ఫొటో సుత సగం కత్తిరించి, మేడమ్‌కు ఒక్కటే చెవి అంటే ఊకుంటరా?"

కత్తిరించింది పిల్ల కాదు, నేనని రాసి సంతకం పెట్టాను. "గిది పైకి పంపితే మీకే తక్లీఫ్ సార్" అన్నది మేడమ్. పంపమన్నాను. క్లాసులో చూపిద్దామని, దిద్దేటప్పుడే ఆ ఆరింటిలో రెండు లెక్కలకు పేజీ మొత్తం తీసిన స్క్రీన్‌షాట్లు నా కంప్యూటర్‌లో దొరికాయి. వాటికి ఎనిమిది మార్కులు తిరిగిచ్చారు. 62 అయింది. సీటు రాలేదు. ఆ రెండింటిలో గీత అవతల చిత్తుపని కళ్లారా చూసినవారు, మిగిలిన నాలుగింటి అసలు కాగితాలు చూడటానికి మాత్రం ఒప్పుకోలేదు. కాపీ అన్న మాటకు ఒక్కరూ క్షమాపణ చెప్పలేదు.

ఇప్పుడు నేను ముందు పేజీ మొత్తం తీసి దాచుకుంటాను, ఆ తర్వాతే కత్తిరిస్తాను. ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపి ఇదే సాక్ష్యమంటే, పెట్టె ఎవరు గీశారు, బయట ఏముండేది అని అడుగుతాను. నేర్చుకున్నది ఇంతే. దానికి ఖర్చయింది మాత్రం నా మార్కులు కావు. గ్రేస్‌కు వాళ్లు ఇంకా వేయాల్సినవి పదహారు.