ఇనుప చెవికి బుట్టల్లేవు

1983 అక్టోబరు రెండో మంగళవారం, పొద్దున పదీ పది. ఒక విడతలో తయారైన లాట్ మొత్తాన్ని ఆపేస్తూ నేను ఎర్ర చీటీ కట్టిన వేళ అది. న్యూజెర్సీలో హెడ్‌ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో అప్పుడు నేను ఫైనల్ ఇన్‌స్పెక్టర్ని. టంకం బల్ల దగ్గర ఆరేళ్లు చేశాక వచ్చిన హోదా. హోదా అంటే ఒక ఆకుపచ్చ ముద్ర. అది పడనిదే పెట్టె ట్రక్కు ఎక్కదు. నాకు అక్షరాలు ముప్పై అయిదో ఏట వచ్చాయి. గ్రాఫు చదవడం అంతకుముందే వచ్చింది.

పద్ధతి చెబుతాను. ప్రతి లాట్ నుంచి పది పీసులు ల్యాబ్‌కి, పది నాకు. ల్యాబ్‌లో మైకు పొదిగిన లోహపు దిమ్మ ఉండేది. మేమంతా దాన్ని ఇనుప చెవి అనేవాళ్లం. దానికి హెడ్‌ఫోను తొడిగితే పెన్ను కాగితం మీద గీత గీస్తుంది. నేను తలకు పెట్టుకుని వింటాను. ముందు బీరువాలో ఉన్న నమూనా పీసు విని, దానితో పోల్చాలి. నమూనా నాకు కంఠతా వచ్చులే అని దాన్ని వినడం మానేసి చాలా నెలలైంది.

ఆ రోజు పదికి పదీ పీలగా ఉన్నాయి. డ్రమ్ము మూసిన తలుపు అవతల మోగినట్టుంది.

ల్యాబ్ ఇంజనీరు గ్రాఫు పట్టుకుని దిగాడు. గుంటూరువాడు, నాకన్నా పన్నెండేళ్లు చిన్న. "అక్కగారూ, ఇంత చక్కటి గీత మా ఆవిడ ముగ్గులో కూడా ఉండదు" అన్నాడు. అయితే దాన్నే చెవికి చుట్టుకోమన్నాను.

మా సూపర్‌వైజర్, లావుపాటి కళ్లజోడు అమెరికన్ ఆవిడ, మధ్యలోకి వచ్చింది. నన్ను నమూనా వినమంది. ల్యాబ్ మాటే నిజమైతే ముద్ర ఇచ్చేసి టంకం బల్లకు పొమ్మంది.

విన్నాను. నమూనా కూడా పీలగానే ఉంది!

ఇంజనీరు నా చెవులకేసి చూశాడు. సాయంత్రం సీమంతానికి నేరుగా వెళ్లాలని పొద్దున్నే బుట్టలు పెట్టుకొచ్చాను. అవి ప్యాడ్ కింద ఇరుక్కున్నాయి. అలా సందు పడితే ముందు పోయేది మంద్రమే, అంటే డ్రమ్ము లాంటి బరువు శబ్దం.

"ఆ బంగారం కాస్త తీసి వినండి అక్కగారూ. మా ఇనుప చెవికి పాపం ఎవరూ చేయించలేదు" అన్నాడు.

తీశాను. డ్రమ్ము దగ్గరకొచ్చి మోగింది. తప్పు నాదేనని ముద్ర బల్ల మీద పెట్టాను. పెట్టి ఊరుకోలేదు. సూపర్‌వైజర్నీ వినమన్నాను. పీలగా ఉందంది. కళ్లజోడు తీసి వినమన్నాను. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

"ఏం నాయనా, మీ ఇనుప చెవికి కళ్లజోడు ఎప్పుడు కొంటావు?" అన్నాను. ఇంజనీరు గ్రాఫు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లాట్‌లో లోపం లేదు, ఆ రోజే వెళ్లింది. ముద్ర నాకే ఉంచారు. నమూనా విననందుకు రాతపూర్వకంగా మందలించారు. చదువుకునే సంతకం పెట్టాను. మర్నాటి నుంచి ల్యాబ్‌వాళ్లు ప్యాడ్ కింద కళ్లజోడు కాడ ఇరికించి రెండో గీత కూడా తీశారు. తర్వాతి మోడల్‌కి ఇంకా మెత్తటి ప్యాడ్ వేశారు.

గీత హెడ్‌ఫోను సంగతి చెబుతుంది. చెవి, అది ఫలానా తల మీద ఎలా కూర్చుందో చెబుతుంది. రెండూ కావాలి. దేన్ని నమ్మాలన్నా ముందు నమూనా వినాలి.

ఆ రోజు అక్కడున్నది ఇంజనీరు రామ్మోహన్, సూపర్‌వైజర్ డోలొరెస్, బీరువా తాళం తెచ్చిన స్టోర్స్ క్లర్కు వాల్టర్, నేను సుందరమ్మ.