కొరాపుట్ చలిలో నెగ్గిన వేగం

మా మాస్టారు పోయారని రాయగడ ఆసుపత్రి నుంచి ఒక నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఆమెది రామనగుడ. మాస్టారి గురించి నేను చెప్పగలిగినదంతా ఆమె కథలోనే ఉంది కనుక కాసేపట్లో అక్కడికే వస్తాను.

“అన్నియ్యా, తాతగారు ఇందాకే పోయేరు,” అంది. “పొద్దుట డాక్టరుగారు మిషను సూసి జ్వరం ఇంతుందని సెప్తే, ముందు సెయ్యెట్టి సూడండి బాబూ, అంకె తర్వాత సూద్దురు గాని అన్నేరు,” అని నవ్వబోయి ఏడ్చింది.

మధ్యాహ్నానికల్లా ఫోన్లు బాగుచేసే మా వృత్తివాళ్ల వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరుసకట్టాయి. ‘లెజెండ్’ అని ఒకడు రాశాడు. మాస్టారిని రేడియోల కాలపు మెకానిక్ అని అదే గ్రూపులో వెక్కిరించినవాడు వాడే. ఇంకొకడు సంతాపం చెప్పిన వెంటనే తన ఫోను సాధించిన కొత్త స్కోరు ఫొటో పెట్టాడు. మాస్టారు ఉండి ఉంటే ఎలా చూసేవారో నాకు తెలుసు. ఉబ్బిపోయిన బ్యాటరీని పటకారుతో ఎత్తి డబ్బాలో వేసేటప్పుడు ఆయన ముఖం అలాగే ఉండేది.

ఈ స్కోర్ల గొడవ తెలియనివారి కోసం కొంత వివరించాలి. ఫోనులోని ప్రాసెసరు ఎంత వేగంతో నడవాలో, ఎంత వేడెక్కితే నెమ్మదించాలో నిర్ణయించే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. తయారీదారు ఇచ్చినదాన్ని తీసేసి, సొంతంగా మార్చి రాసినదాన్ని ఎక్కించి, ప్రాసెసరును దాని హద్దు దాటించి పరుగెత్తించడం ఓవర్‌క్లాకింగ్. ఈ పని చేసేవారిలో ఎక్కువమందికి ఆ ఫోనుతో చేయవలసిన పనంటూ ఏదీ ఉండదు. స్కోరు చూసుకుంటారు, ఫొటో తీసుకుంటారు, ఇంకొకడి స్కోరు చూసి కుళ్లుకుంటారు. తాము రాసిన కెర్నెళ్లకు మృగాల పేర్లు, పిడుగుల పేర్లు పెడతారు. ఇంత చవకబారు గర్వం నేను ఇంకే వృత్తిలోనూ చూడలేదు. అందులో కొన్నేళ్లు నేనూ మునిగి తేలాను కనుక ఈ మాట అనే హక్కు నాకుంది.

మాస్టారిది పార్వతీపురం వైపు. ఇక్కడి ఫ్యాక్టరీ టౌన్‌షిప్పులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియనుగా రిటైరై, ఒడిశా కొండల మీది ఈ కొరాపుట్ బజారులో ఫోన్లు బాగుచేసే గది తెరిచారు. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. కెర్నెల్ రాయడం అరవయ్యో ఏట సొంతంగా నేర్చుకున్నారు. మా అందరికంటే బాగా రాసేవారు, కానీ దేనికీ పేరు పెట్టేవారు కాదు. ఎందుకని అడిగితే, “పేరెట్టి ఉయ్యాల్లో ఎయ్యడానికి అదేటి పిల్లోడేటిరా?” అనేవారు.

ఎవరైనా ఫోను వేగం పెంచమని వస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న, “ఏటి తొందర నీకు?” సమాధానం సరిగ్గా ఉంటేనే ఫోను ముట్టుకునేవారు. రెండో ప్రశ్న, “ఏ ఊర్లో వాడతావు?” అది విని మేం నవ్వుకునేవాళ్లం.

అంతకంటే ఎక్కువగా నవ్వించినది ఆయన పరీక్ష. మా గది పక్కన సాలూరు నుంచి వచ్చిన ఒకావిడ పకోడీలు వేసేది. కెర్నెల్ మార్చిన ప్రతి ఫోనునూ మాస్టారు ఆవిడ పొయ్యికి మూరెడు దూరంలో, రేకు మీద పెట్టి రెండు గంటలు నడిపించేవారు. మధ్యమధ్య వెళ్లి వెనుకవైపు అరచెయ్యి ఆనించి చూసేవారు. చూసినది ప్లాస్టరు ముక్క మీద రాసి ఫోనుకే అంటించేవారు.

“మాస్టారూ, ఈ వాయి ఏగిపోనాది. తిప్పీమంటారేటి?” అని ఆవిడ కేకేసేది.

“నీ పకోడీలు మాడకుండా సూస్కో ముందు. నా సరుకు మాడితే నేనే తింటాను,” అనేవారు ఈయన.

ఒక జనవరిలో, మాస్టారు ఊళ్లో లేని వారం, ఇప్పుడు నర్సయిన ఆ రామనగుడ అమ్మాయి ఇక్కడి బంధువుల ఇంటికి వచ్చి, తన పాత ఫోను తెచ్చింది. వేసవిలో నర్సింగు దరఖాస్తు నింపాలని, ఆ సైటు తెరుచుకోవడానికి యుగం పడుతోందని అంది. ఏ పనికో చెప్పింది, ఏ ఊరో కూడా చెప్పింది. నేను రెండూ వినలేదు. నా కెర్నెల్ ఎక్కించాను. దాని పేరు ‘తుఫాను’. వేడెక్కితే నెమ్మదించే ఏర్పాటు వేగానికి అడ్డని దాన్ని తీసేశాను. కిటికీ పక్కన బల్ల మీద ఆరు గంటలు పరీక్షించాను, ఒక్కసారీ తడబడలేదు. స్కోరు ఫొటో గ్రూపులో పెట్టాను. పొయ్యి దగ్గరికి తీసుకువెళ్లడం నామోషీ అనిపించింది.

కొండ మీది జనవరి చలిలో నెగ్గిన ఆ ఫోను ఘాటీ దారిన కొండ దిగి రామనగుడ వెళ్లిపోయింది. మే నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారి బటన్ల ఫోను నుంచి మాట్లాడింది.

“అన్నియ్యా, ఎలిగినట్టే ఎలిగి ఆరిపోతంది. పదిసార్లు సూసేను. అయిదింటికి సైటు మూసెస్తారు. నా సర్టిఫికెట్లు, పాస్‌వర్డు అన్నీ దీన్లోనే ఉన్నాయి. ఈ ఏడు సీటు పోతే మరి సదివించనని నాన్న అంటన్నారు.”

అప్పుడు మూడున్నర. రేకుల ఇల్లు, పైన ఎండ. వేడికి తట్టుకోలేక ఫోను ఆగిపోతోంది, మళ్లీ మొదలయ్యేటప్పుడు ‘తుఫాను’ దాన్ని గరిష్ఠ వేగంతోనే లేపుతోంది, దాంతో మరింత వేడెక్కుతోంది. కారణం నాకు వెంటనే అర్థమైంది. పక్క బల్ల దగ్గర అంతా విన్న మాస్టారు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

“ఏడవకమ్మీ. ఇంట్లో నీళ్ల కుండ ఉందా?”

“ఉంది తాతగారూ.”

“ఫోను ఆపీసి, కవర్లో సుట్టి, తెర బయటికుండేలా కుండకి ఆన్చి తడిగుడ్డతో కట్టీ. అరగంట ముట్టుకోకు. తర్వాత అక్కడే కూకుని, కట్టు ఇప్పకుండా ఎలిగించు. తెర ఎలుగు తగ్గించీ. నీ పని తప్ప మరేటీ తెరవకు.”

అరగంట అయ్యాక, మొదటిసారి సగం ఫారం దగ్గర ఆగిపోయిందని కబురొచ్చింది. “మళ్లీ కట్టు,” అన్నారు. అయిదుకు పది నిమిషాలుండగా ఫోను మోగింది.

“అయిపోనాది తాతగారూ! పచ్చ టిక్కు వొచ్చీసినాది!”

మాస్టారు ఫోను పెట్టేసి నావైపు తిరిగారు. “ఏటిరా, నీ తుఫాను కుండకి కడితే గాని నిలబడలేదేటి?”

రెండు రోజులు కూర్చుని ఆ ఫోనుకు కొత్త కెర్నెల్ రాశారు. మెమరీ కార్డు నా చేతిలో పెట్టి, “నువ్వే ఎల్లు. ఆ రేకుల కింద, ఆ ఎండలోనే కూకుని ఎక్కించు. సెయ్యి ఆన్చి సూసి రా,” అన్నారు. వెళ్లాను. చెమటలు కక్కుతూ ఎక్కించాను. ఆ అమ్మాయి తల్లి మజ్జిగ ఇచ్చింది, అంతకంటే తిట్టినా బాగుండేది. ఫోను వెనుక ప్లాస్టరు ముక్క అంటించి, ఇంకేమీ చూడకుండా తిరిగి బస్సెక్కాను.

ఆ తర్వాత నా బల్ల మీది ప్రతి ఫోనూ పకోడీల పొయ్యి దగ్గరికి వెళ్లింది. గ్రూపులో నవ్వారు. నవ్వేవాళ్ల ఫోన్లు వేసవిలో మా దగ్గరికే వస్తాయి. ఓపికగా బాగుచేసి పంపుతాను. ఏ ఊళ్లో వాడతారని అడుగుతాను. చాలామంది ఆ ప్రశ్నకు విసుక్కుంటారు. ఒకప్పుడు నేనూ విసుక్కున్నాను కనుక మళ్లీ అడుగుతాను.

మాస్టారి పన్నెండో రోజు కార్యం అయ్యాక రామనగుడ వెళ్లాను. నర్సు సెలవులో ఇంటికి వచ్చింది. ఆ పాత ఫోను ఇప్పుడు వాళ్లమ్మ దగ్గర ఉంది. “కొత్తది కొంటానంటే అమ్మ ఒద్దంటాదన్నియ్యా,” అంటూ తెచ్చి ఇచ్చింది. అదే రేకుల గది, అలాంటి ఎండే. ప్లాస్టరు మీది అక్షరాలు చెరిగిపోయాయి. ఆనాడు సిగ్గుతో తెరవని సెట్టింగుల పేజీ తెరిచి కిందికి జరిపాను. పేర్లంటే గిట్టని మనిషి కెర్నెల్ పేరు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు: రామనగుడ, మే, మధ్యాహ్నం.

ఫోను తిప్పి వెనుక అరచెయ్యి ఆనించాను. చల్లగానే ఉంది.