కొల్లేటి చీకటికి సరిపోయిన బల్బు

1955 జూన్‌లో ఏలూరులోని ప్రచార కార్యాలయంలో క్షేత్ర సహాయకుడిగా చేరాను. కొల్లేటి లంక గ్రామాల కోసం తిరిగే వ్యాన్ నా అధీనంలో ఉండేది. ఆ వ్యాన్ విషయంలో నాకు జరిగిన అన్యాయాలు ఇవి:

1956 జనవరి. బొమ్మల యంత్రాన్ని ఎంపిక చేయమని నన్నే ఆదేశించి, నా సిఫారసును తోసిపుచ్చారు.
1956 మార్చి. నేను వద్దన్న యంత్రాన్ని కొని, అది విఫలమైతే నన్ను సంజాయిషీ అడిగారు.
1956 మే. నా సర్వీసు రిజిస్టరులో ‘యంత్రాల ఎంపికలో వివేచన లేదు’ అని ఎర్ర సిరాతో రాశారు. ఆ వాక్యం వల్ల నా పదోన్నతి ఆగింది. నేటికీ దాన్ని కొట్టివేయలేదు.

పర్యటనలో వ్యాన్ మాకు ఇల్లు. నేనూ, డ్రైవరు ఖాసిం గారూ వెనుక బల్లల మీదే పడుకునేవాళ్ళం. బల్లల కింద కిరసనాయిలు స్టవ్వు, బియ్యం డబ్బా ఉండేవి. లోపలి దీపానికీ, మైకుకూ, ఇంజను స్టార్టు కావడానికీ ఒకటే బ్యాటరీ. దాన్ని సాయంత్రమే హరించేస్తే మర్నాడు బండి కదలదు. కనుక ఏ యంత్రానికి ఎంత కరెంటు కావాలన్నదే నా మొదటి ప్రశ్న. టాకీ యంత్రానికి వేరే జనరేటరు ఉండాలి. ఫిల్ము స్ట్రిప్ ప్రొజెక్టరు కదలని బొమ్మలను ఒక్కొక్కటిగా తెర మీద వేస్తుంది. మాట మనం చెప్పుకోవాలి. దాని బల్బు కారు ముందు దీపమంత. బ్యాటరీ మీదే నడుస్తుంది.

తాడేపల్లిగూడెంలో ఒక స్టూడియో వారి దగ్గర అలాంటిది అరువు తెచ్చి, కొల్లేటి ఒడ్డున పరీక్షించాను. సందె వెలుగు పూర్తిగా పోయాక నీటి అంచున తెల్లగుడ్డ కట్టాం. లంకల వాళ్ళు తాటి దోనెల్లో వచ్చి తెరకు అటూ ఇటూ నీళ్ళ మీదే నిలిచారు. మైకు ఆపేసి, నీళ్ళు కాచుకుని తాగమని మెల్లగా చెప్పాను. ఎక్కడా వేరే దీపం లేదు. కుండలో నీళ్ళు కాగుతున్న బొమ్మ వేయగానే అది తెర మీదా, తలకిందులై సరస్సులోనూ వెలిగింది. దోనె కదిలితే చెదిరేది; మళ్ళీ కూడుకునేది. కొల్లేరంతా పొయ్యి మీద పెట్టినట్టు కనిపించింది.

“ఏవండీ, ఇన్ని నీళ్ళూ కాచుకోవాలాండీ?” అని ఒకావిడ అడిగింది. దోనెలన్నీ నవ్వులతో ఊగాయి.

మా కార్యాలయపు కొనుగోళ్ళ కమిటీ మాత్రం ఆ యంత్రాన్ని ఏలూరు ఆఫీసు హాల్లో, పట్టపగలు, కిటికీలకు దుప్పట్లు కట్టించి చూసింది. దుప్పట్ల సందుల్లోంచి వచ్చిన ఎండకు బొమ్మ వెలిసిపోయింది. సూపరింటెండెంటు గారు కళ్ళద్దాలు తుడుచుకుని, “ఇది బొమ్మాండీ, గోడకి పట్టిన చెమ్మాండీ?” అన్నారు. సభ్యులందరూ నవ్వారు. టాకీ యంత్రం కొన్నారు.

మార్చిలో దాన్ని అదే ఒడ్డుకు తీసుకెళ్ళాం. అక్కడివారు చేపల కోసం నీళ్ళలో మావులనే వెదురు బుట్టలు దించాక, వాటిని తీసేదాకా గడకర్రను సైతం చప్పుడు కానివ్వరు. జనరేటరు మోత మొదలై యంత్రం దీపం వెలగగానే లంక పెద్ద ఒకాయన దోనె దిగి వచ్చాడు.

“అది ఆపించండి బాబూ. బెదిరిన చేప మావులోకి రాదండీ. రేపు మా ఇళ్ళల్లో టాకీ వండుకోమంటారాండీ?”

ఖాసిం గారు జనరేటరు ఆపేశారు. చీకటి తిరిగి వచ్చింది. “ఆ చిన్న పెట్టె తేలేదేవండీ? నీళ్ళల్లో కుండ కనపడేది,” అని దోనెల్లోంచి ఎవరో అడిగారు. ఒక్క బొమ్మా వేయకుండా తిరిగి వచ్చాం. ‘ప్రదర్శన జరపలేదు’ అన్న నేరం నా మీద పడింది.

ఈ ఉదంతం నేర్పినది ఇంతే: వెలుగు చాలునో చాలదో అది వెలగవలసిన చీకట్లోనే తేల్చాలి, యంత్రాన్ని అది పనిచేసే చోటనే పరీక్షించాలి.

కావున శాఖాధికారులను అడుగుతున్నాను. ఆ కమిటీలో ఒక్కరైనా పొద్దుగూకిన తర్వాత కొల్లేటి ఒడ్డున నిలబడి ఆ బొమ్మను చూశారా? చూడనిపక్షంలో ఆ ఎర్ర సిరా వాక్యానికి ఆధారమేమిటి? ఈ రెండింటికీ లిఖితపూర్వకమైన జవాబు, సంతకంతో సహా, నాకు ఇప్పించవలెను.