ట్యాబుకి పెట్టిన బొట్టు

గంగాలమ్మ గంట కొడితే గానీ ఆ బడిలో పరీక్ష మొదలవదు. ఇరవయ్యారేళ్ళుగా అదే వరస. ఏడుగురు హెడ్మాస్టర్లు వచ్చారు, వెళ్ళారు, గంట మాత్రం ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. జాలరిపేట పిల్లలు చదువుకునే హైస్కూల్లో ఆవిడ అటెండరు. పిల్లలు అక్కని పిలిచినట్టు గంగాలప్పా అంటారు. పంతుళ్ళు గంగాలమ్మా అంటారు. హెడ్మిస్ట్రెస్ భ్రమరాంబ గారు మాత్రం గట్టి పని పడిన రోజున గొంతు మెత్తగా చేసి, గంగాలమ్మ గారూ అంటుంది.

పరీక్షలంటే గంగాలమ్మకి ఒక పిచ్చి. నెల ముందునుంచే తెల్లదారం తెచ్చి, అడిషనల్ పేపర్లు కట్టుకోవడానికి జానెడేసి ముక్కలు కోసి డబ్బాలో దాచేది. ఆ పిచ్చి ఊరికే రాలేదు. నలభై ఏళ్ళ కిందట పదో తరగతి పరీక్షకి ఆవిడకీ హాల్ టికెట్ వచ్చింది. సెంటర్ ఊరికి ఆ చివర పడింది, రెండు బస్సులు మారాలి. "ఆడపిల్ల ఒక్కర్తీ అంత దూరం ఏటెల్తాది" అన్నాడు తండ్రి. చదువు అక్కడితో సరి. ఆ హాల్ టికెట్ ఇప్పటికీ ట్రంకుపెట్టెలోనే ఉంది. బడిలో ఏ పరీక్షలోనైనా ఎవరో రాక ఒక ప్రశ్నపత్రం మిగిలిపోతే, అది ఎవరిదని అడిగేది, ఎందుకు రాలేదని ఆరా తీసేది. పంతుళ్ళకి అది చాదస్తం. ఆవిడకి ఆ మిగిలిన కాగితం తనదే అనిపించేది.

ఈ ఏడు అసలు కాగితమే లేదన్నారు. తొమ్మిదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్ష మొదటిసారి ట్యాబుల మీద పెడుతున్నారు. నలభై మంది పిల్లలు, నలభై ట్యాబులు. అసలు పరీక్షకి ముందు మూడు మాక్ పరీక్షలు. నేర్పడానికి కార్తీక్ అనే కంప్యూటర్ ఇంజనీర్ వచ్చాడు.

"దారాలు ఏటి సెయ్యమంతారు బాబూ?" అని గంగాలమ్మ డబ్బా చూపించింది.

కార్తీక్ దణ్ణం పెట్టి తీసుకుని, చార్జర్ వైర్లన్నీ ఆ దారాలతో కట్టాడు. దాంతో ఆవిడకి అతని మీద గురి కుదిరింది.

మొదటి మాక్ రోజున ఆవిడ గంట కొట్టి, నీళ్ళ బిందెతో గుమ్మంలో నిలబడింది. లోపల ఇన్విజిలేటరు లెక్కల మాస్టారు సీతారామాంజనేయులు. స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన తండ్రి వెంట వచ్చి ఇక్కడివాడైపోయిన మనిషి. కంప్యూటర్ అంటే ఆయనకి ఒళ్ళంతా చెమట. నిమిషం కాకుండానే ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు.

"అయిపోయింది సార్."

"అప్పుడే ఏం అయిపోయింది?"

"పరీచ్చ సార్."

నిజమే. తెర మీద 'మీ పరీక్ష ముగిసింది, ధన్యవాదాలు' అని ఉంది. ఒకడికి కాదు, ఇరవై ముగ్గురికి. కార్తీక్ నెట్ చూశాడు, చార్జింగ్ చూశాడు, తల పట్టుకున్నాడు. గుమ్మంలోంచి గంగాలమ్మ అంది:

"ఆటిలో ఏటీ తప్పు నేదు బాబూ. పిల్లలు కళ్ళకద్దుకుంతన్నారు."

ప్రశ్నపత్రం చేతికి రాగానే కళ్ళకద్దుకోవడం వాళ్ళకి తాతలనాటి అలవాటు. ట్యాబునీ అలాగే తెరవైపు అద్దుకున్నారు. కుడికన్ను పోయి మూలనున్న 'ముగించు' మీద తగిలింది. నిజంగా ముగించాలా అని యంత్రం మర్యాదగానే అడిగింది. ఎడమకన్ను పోయి 'అవును' అంది. దేవుడికి దణ్ణం పెట్టి పరీక్ష పోగొట్టుకోవడం చరిత్రలో ఈ పిల్లలకే చెల్లింది.

రెండో మాక్‌కి ముందు సీతారామాంజనేయులు మాస్టారు పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. కళ్ళకద్దుకోవద్దు, అద్దుకోవద్దు, అద్దుకుంటే ఊరుకోను. గంట మోగింది. చేతులు చెప్పిన మాట వింటాయా? పదకొండు ట్యాబులు లేచాయి. వాటి సంగతి తేల్చేలోగా మిగతా ఇరవైతొమ్మిదీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అంతా వెనక్కి తిరిగి చూస్తే, గది మొత్తాన్ని నడిపే సూపర్‌వైజర్ ట్యాబుని మాస్టారు భక్తిగా కళ్ళకద్దుకుని నిలబడి ఉన్నారు.

పిల్లలు నవ్వారు గానీ, విద్యాశాఖ నుంచి చూడ్డానికొచ్చిన ఆఫీసరు నవ్వలేదు. "శనివారం ఆఖరి మాక్. అదీ ఇలాగే అయితే ఇక్కడ సెంటర్ ఉండదు. పిల్లలంతా కూర్మన్నపాలెం వెళ్ళి రాయాలి" అని చెప్పి జీపెక్కాడు.

కూర్మన్నపాలెం అంటే మళ్ళీ ఊరికి ఆ చివరే, రెండు బస్సులు మారాలి. గంగాలమ్మకి ముందుగా ఆశ అనే పిల్ల గుర్తొచ్చింది, బడిలో లెక్కల్లో అదే మొదటిది. తల్లి కాసులమ్మ గంపలో చేపలు పెట్టుకుని వీధి వీధీ అమ్ముతుంది. ఆ సాయంత్రమే గంగాలమ్మ ఒడ్డుకి వెళ్ళి ఆమెని పట్టుకుంది.

"ఇక్కడైతే రాత్తాది అప్పా," అంది కాసులమ్మ. "కూర్మన్నపాలెమైతే పంపను. నాను కూడా ఎల్తే నా సేపలు ఎవలమ్ముతారు? ఆడపిల్ల ఒక్కర్తీ అంత దూరం ఏటెల్తాది?"

అదే మాట. అక్షరం పొల్లుపోలేదు. గంగాలమ్మకి ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. కాసులమ్మని ఏమనగలదు? గంప దింపితే పొయ్యి వెలగదు. అక్కడే ఇసకలో కూలబడింది.

కాస్త దూరంలో ఎవరిదో కొత్త బోటు నీళ్ళలోకి దింపుతున్నారు. బోటు ముందు కొసకి పసుపు రాసి కుంకం పెట్టారు. వచ్చినవాడల్లా అక్కడ ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నాడు. గంగాలమ్మ చాలాసేపు చూసింది. ఇంజను దగ్గర మొక్కినవాడు లేడు, తెడ్డు దగ్గర మొక్కినవాడు లేడు. ఒకరు చెప్పనక్కర్లేకుండా పసుపు ఎక్కడుంటే చెయ్యి అక్కడికే పోతోంది. ఆవిడ ఇసక దులుపుకుని లేచింది.

మర్నాడు పసుపు, కుంకం పొట్లాలతో హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళింది.

"మేడమ్‌గోరూ, కొత్త బోటుని మొక్కకుండా సంద్రంలోకి దింపుతారేటి? మొక్కొద్దంటే ఆ సేతులు ఆగవు. మొక్కనిద్దాం. ట్యాబు ఈపున బొట్టెట్టి ఎనకాల మొక్కనిద్దాం."

"గవర్నమెంటు సొత్తుకి పసుపు రాస్తామా?" అంది భ్రమరాంబ గారు.

కార్తీక్ ఒక ట్యాబు తిప్పి చూసి, "కెమెరా మీద పడకపోతే ఏమీ కాదు మేడమ్. వెనకవైపు నెత్తికెత్తుకున్నా నాకేం ఇబ్బంది లేదు" అన్నాడు.

"అయితే కానివ్వండి గంగాలమ్మ గారూ."

శనివారం పొద్దున్న ఆవిడ స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, నలభై ట్యాబుల వీపులకీ బొట్లు పెట్టింది. మాస్టారి ట్యాబుకి కాస్త పెద్దది పెట్టింది. అవన్నీ బల్లల మీద బొట్టు పైకి ఉండేలా బోర్లించింది. ఆఫీసరు మూలన కుర్చీలో కూచుని గడియారం చూసుకుంటున్నాడు.

గంట మోగింది. పిల్లలు బొట్టు చూశారు. నలభై వీపులు లేచాయి, కళ్ళకి తగిలాయి, కిందికి దిగాయి, తిరిగాయి. మాస్టారూ అద్దుకున్నారు, ఈసారి నదురూ బెదురూ లేకుండా. ఎవరైనా చెయ్యెత్తుతారేమోనని గంగాలమ్మ గుమ్మం పట్టుకుని చూసింది. నిమిషం గడిచింది. ఐదు గడిచాయి. కార్తీక్ లాప్‌టాప్ లోంచి తలెత్తి, "నలభైకి నలభై నడుస్తున్నాయి సార్" అన్నాడు. ఆఫీసరు లేచి వచ్చి, బొట్టు ఎవరి ఆలోచన అని అడిగాడు. భ్రమరాంబ గారు గుమ్మం వైపు చూపించింది. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి అది రాసుకున్నాడు.

అసలు పరీక్షనాడు ఆశ అందరికంటే ముందొచ్చింది. బడి గేటు దాకా తల్లే గంపతో వచ్చి దింపి, అటునుంచటే చేపలమ్మడానికి వెళ్ళింది. పేట పిల్లలు ఒక్కళ్ళు కూడా మానలేదు. పదకొండింటికి ఆఖరి గంట కొట్టేసరికి ఆశ బయటికొచ్చి, "అన్నీ సేసేసానప్పా, ఇంకా టైం మిగిలిపోయింది" అంది. గంగాలమ్మ ఆ పిల్లని అందరి ముందూ వాటేసుకుంది. ఎవరేమనుకుంటే నాకేటి అనుకుంది.

లోపల మాస్టారు లెక్క పంపుతున్నారు. సూపర్‌వైజర్ ట్యాబులో ఒక్క గడి మిగిలింది, పరీక్షకి రానివాళ్ళు ఎంతమంది అని. ఆయన అంకె కొట్టబోయి ఆగి, గుమ్మంలో నిలబడిన ఆవిడని పిలిచారు.

"గంగాలమ్మా, ఈ అంకె నువ్వు కొట్టాలి."

గంగాలమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని ట్యాబు అందుకుంది. ముందు దాన్ని వెనక్కి తిప్పి బొట్టుని కళ్ళకద్దుకుంది. తర్వాత ఇటు తిప్పి, ఆ గడిలో సున్నా కొట్టింది.