లిలువా పెరట్లో చేదు కాయ

వనభోజనాల నాడు మా అప్ప పెట్టిన ఊరగాయను ఒక్కొక్కరే ఆకు అంచుకు నెట్టేయడం నేను చూశాను. అక్కను మేం అప్ప అంటాం. కలకత్తా తెలుగువాళ్ల కార్తీక భోజనాల్లో నిమ్మకాయ ఊరగాయ ఏటా ఆమెదే. ఆ ఏడు మాత్రం నోట పెట్టినవాళ్లంతా మొహం చిట్లించారు.

"ఏ కాయ వేశారండీ? కషాయంలా ఉంది," అంది కొత్తగా బదిలీ అయి వచ్చిన బ్యాంకు అధికారి భార్య.

"మా పెరట్లోదేనమ్మా," అంది అప్ప.

"అదే అనుకున్నా. నిమ్మా కాదు, నారింజా కాదు!" అందావిడ. పంక్తి పంక్తంతా నవ్వింది.

బావ నవ్వలేదు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, కలకత్తా పక్కనున్న లిలువాలో ఇల్లు కట్టుకున్న మనిషి. నలుగురిలో మాట పడడం అతనికి గిట్టదు. తిరుగు రైల్లోనే తేల్చేశాడు. "ఆ సెట్టు కొట్టించీస్తాను. బండి పెట్టుకోడానికి జాగా అయినా అవుతాది."

ఆ చెట్టు ఎవరూ నాటింది కాదు. పక్కింటి బెంగాలీ దాదా తమ పెరట్లో కాసిన పంపరపనస ఇస్తే, తిని పారేసిన గింజల్లోంచి మొలిచింది. దాదా పెరట్లో పంపరపనసకు ఆనుకునే గంధరాజ్ నిమ్మ ఉంది. మొలిచినదానికి ఆకు పంపరపనసది, వాసన గంధరాజ్‌ది. ఆ ఏడే తొలికాపు, కాయ పిడికిలంత. వాసన చూసి అప్ప దాన్ని నిమ్మలో జమకట్టింది. ఇక్కడివాళ్లు గంధరాజ్‌ను పప్పులో పిండుకుని తొక్క పారేస్తారు. మనం తొక్కతో సహా ఉప్పులో ఊరేస్తాం. పొరపాటు అక్కడే జరిగింది.

వార్త రాసేముందు తెలిసినవాళ్లను అడగడం నాకు పత్రిక ఉద్యోగం నేర్పిన అలవాటు. వృక్షశాస్త్రం చెప్పే మేస్టారొకరిని, తెలుగాయన్నే, వెంటబెట్టుకుని లిలువా వెళ్లాను. ఆయన ఆకు నలిపి వాసన చూశారు. కాయ కోసి, తొక్క కింది తెల్ల పొర కొరికారు.

"చేదు తల్లి పంపరపనసది, వాసన తండ్రి గంధరాజ్‌ది. అలాగని రెండు జాతులు కలిస్తే రసాయనాలు సగం సగం పంచుకుంటాయనుకోకండి. ఒకటి తల్లిలో ఉన్నంతా రావచ్చు, ఒకటి అసలు రాకపోవచ్చు. ఇంకొకటి ఇద్దరిలోకన్నా ఎక్కువ కావచ్చు. అప్పుడప్పుడు ఇద్దరిలోనూ కనబడనిది పుడుతుంది."

"మా అమ్మాయిలాగన్నమాట," అంది అప్ప. "రంగు నాది, ముక్కు ఆళ్ల నాన్నది. ఆ పంతం ఎవలిదో ఇప్పటికీ తెలీదు."

"నీది కాదేటి?" అన్నాడు బావ.

దాదా వాళ్ల గంధరాజ్‌ను ఏటా గొంగళిపురుగులు బోడి చేస్తాయి, ఈ చెట్టును ముట్టవు. కారణం అడిగాను. ఆకులో చేరిన పదార్థాల వల్ల కావచ్చు, పరీక్షించకుండా చెప్పనన్నారు మేస్టారు. ఆ మాటతో ఆయన మీద నాకు నమ్మకం పెరిగింది.

బావ మెత్తబడలేదు. ఆ రాత్రి నేను అక్కడే ఉండిపోయాను. తెల్లారేసరికి గొడ్డలి పట్టుకుని ఒక మనిషి వచ్చాడు. అప్ప చెట్టు మొదట్లో పీట వేసుకుని కూర్చుంది.

"ఏటిది? నలుగురూ నవ్వినారు కదా!" అన్నాడు బావ.

"నవ్వనీ. తొక్కతో ఏసినది నాను. సెట్టేటి చేసింది? నిమ్మలాగ లేదు, పంపరపనసలాగ లేదు. దానిలాగ అదుంది. మన పిల్లలు బెంగాలీలో నవ్వి తెలుగులో ఏడుస్తారు, ఆళ్లనీ కొట్టిద్దామా?"

"ఆళ్ల మాటెందుకు తెస్తావు?"

"ఆ బ్యాంకావిడ మన మాట తీరుకీ అలాగే నవ్వింది కాబట్టి."

గొడ్డలి మనిషి వైపు తిరిగి, "దాదా, చా ఖాబేన్?" అంది, టీ తాగుతారా అన్నా అని. అతను గొడ్డలి గోడకు చేరేసి, టీ తాగి వెళ్లిపోయాడు. బావ బండి ఇప్పటికీ వీధిలోనే ఉంటుంది.

మరుసటి కార్తీకానికి అప్ప ఆ కాయలే ఊరేసి తెచ్చింది. తెల్ల పొర గీసేసింది కాబట్టి చేదు తగ్గింది, పోలేదు. పూర్తిగా పోగొట్టాలని ఆమె చూడనూ లేదు. జాడీ చంకన పెట్టుకుని తనే వడ్డనకు దిగింది.

"మా సెట్టు కాయ. చేదుంటాది. ఒద్దన్నోళ్లు చెయ్యడ్డం పెట్టండి."

బ్యాంకు అధికారి భార్య చెయ్యి అడ్డం పెట్టింది. అప్ప ఆగకుండా పక్క ఆకు దగ్గరికి వెళ్లింది.